ఒకటో నంబరు ఎవరిది?



ఈ మధ్య సాక్ష్యాల్లో ఒక కొత్త మాట వినబడుతోంది: "నా కారుకు దేవుడు ఫ్యాన్సీ నంబరు ఇచ్చాడు." ప్రియులారా, ఆ నంబరు ఇచ్చింది రవాణా శాఖ. ఒకే నంబరును ఇద్దరు ముగ్గురు కోరితే వేలం పెడతారు, ఎక్కువ పాడినవారికి ఇస్తారు. 2024 ఆగస్టులో హైదరాబాదు ఖైరతాబాదులో 9999 నంబరు 25 లక్షల 50 వేల రూపాయలు పలికింది. మన బిడ్డలు ఎందరో కష్టపడుతున్న గల్ఫ్‌లోనైతే అంకె ఎంత చిన్నదో ధర అంత పెద్దది. 2008లో అబుదాబిలో 1వ నంబరు 5 కోట్ల 22 లక్షల దిర్హములకు, 2023లో దుబాయిలో "పి 7" 5 కోట్ల 50 లక్షల దిర్హములకు పోయాయి.

ఇంత పెట్టి కొన్నదేమిటి? మైలేజీ పెరగదు, ప్రమాదం తప్పదు. ఆ రేకు విలువంతా ఒక్కదానిలోనే ఉంది: అది పక్కవాడికి లేదు. అందరి బండ్లకూ 9999 ఉంటే దానికి పది రూపాయలు కూడా ఎవరూ ఇవ్వరు. దేవుని ఆశీర్వాదం అలాంటిది కాదు. మీ పొరుగువాడు రక్షణ పొందితే మీ రక్షణ విలువ తగ్గదు. పొరుగువాడికి లేకపోతేనే విలువ ఉండేదాన్ని ఆశీర్వాదం అనకండి. దాని పేరు జీవపుడంబం.

"ఆ డబ్బు ప్రభుత్వానికే కదా, దుబాయి వేలం సొమ్ము ఆకలిగొన్నవారికే కదా" అంటారు. నిజమే. అయితే పేదవానికి అన్నం పెట్టడానికి మధ్యలో రేకు ఎందుకు? కుడిచేతి ధర్మం ఎడమచేతికి తెలియనివ్వవద్దన్న ప్రభువు శిష్యులం మనం. దాన్ని బండికి ముందూ వెనకా బిగించుకుని తిరుగుతామా?

మరికొందరు అంకెలు కూడితే తొమ్మిది రావాలంటారు. ముహూర్తాలు మానేశామని చెప్పుకుంటూ అంకెల్లో శకునం చూస్తే మారిందేమిటి? సేవకులారా, ఇది మనకూ వర్తిస్తుంది. కూలి డబ్బులో దశమభాగం తెచ్చిన తల్లి కళ్లముందు మనం వేలం పాడిన కారు దిగకూడదు.

జెబెదయి కుమారులు అడిగిందీ ఇదే: మిగతా పదిమందికి దక్కని చోటు. మొదటివాడు కాగోరితే అందరికీ దాసుడు కావాలని ప్రభువు తేల్చి చెప్పాడు (మార్కు 10). తరువాతి అధ్యాయంలోనే ఆయన అడిగి తెచ్చిన గాడిదపిల్ల మీద యెరూషలేములో ప్రవేశించాడు. రాజులరాజు ఎక్కిన వాహనం సొంతది కూడా కాదు.

కాబట్టి వరుసలో వచ్చిన నంబరే తీసుకోండి. ఆదివారం నడవలేని ముసలమ్మను ఆ బండిలో మందిరానికి తీసుకురండి. ఆమెకు మీ నంబరు గుర్తుండదు, ఆమె ప్రార్థనలో మీ పేరు ఉంటుంది. ఆమేన్.