ఆకలి పాముది, బాధ్యత మనది

ఒక ప్రాణిని చంపడానికి అనుమతి ఉన్నంత మాత్రాన దానిని బాధపెట్టడానికి కూడా అనుమతి ఉన్నట్లేనా? ఖుర్బానీ విషయంలో, వేట విషయంలో మన పెద్దలు ఎన్నోసార్లు చర్చించిన ప్రశ్న ఇది. ఈ నెల ఇదే ప్రశ్నను మన పాఠకులలో చాలామందికి కొత్తగా తోచే ఒక సందర్భంలో పరిశీలించదలిచాము. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు స్నేహితుల ఇళ్ళలో అద్దాల పెట్టెల్లో పెరిగే పాములను చూసి, తమకూ ఒకటి కావాలని మారాం చేయడం ఇప్పుడు వింతేమీ కాదు. అయితే పామును కొని తేవడంతో పని తీరిపోదు. దానికి ఏమి పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నది ఆ ఇంటి పెద్దలు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

ఆ దేశాల ఇళ్ళలో తరచుగా కనిపించే జాతులలో రెండింటిని చెప్పుకుందాం. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ఒకటి. అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన కార్న్ స్నేక్ మరొకటి. రెండింటికీ విషం లేదు. రెండూ ఎరను చుట్టుకొని, బిగించి, చంపి మింగుతాయి. పాము పాలు తాగి బతుకుతుందని మన పల్లెల్లో వినిపించే మాటకు ఆధారం లేదు. పాములన్నీ మాంసాహారులే. పెంపకంలో ఈ రెండింటికీ ఎలుకలు, చిట్టెలుకలే ఆహారం. పిల్ల పాముకు సుమారు వారానికొకసారి, పెద్దదానికి ఒకటి రెండు వారాలకొకసారి మేత కావాలి. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్ళు బతకగలదు. అంటే ఒక పామును ఇంటికి తెచ్చినవారు కొన్ని వందల ఎలుకల మరణానికి కూడా బాధ్యత వహించినట్లే.

ఈ మేత రెండు విధాలుగా సాగుతున్నది. దుకాణం నుండి ప్రాణంతో ఉన్న ఎలుకను తెచ్చి పాము పెట్టెలో వదలడం మొదటిది. ముందే చంపి గడ్డకట్టించిన ఎలుకను కొని, కరిగించి, వెచ్చచేసి అందించడం రెండవది. మొదటి పద్ధతిని సమర్థించేవారి మాట ఒక్కటే: అడవిలో జరిగేది కూడా ఇదే కదా, ఇది ప్రకృతి ధర్మం కదా!

ఈ వాదనను తేలికగా కొట్టిపారవేయలేము. పాము క్రూర జంతువు కాదు, సృష్టికర్త దానికి ప్రసాదించిన రీతిలో అది తన ఆకలి తీర్చుకుంటుంది. పాము చుట్టుకొన్నప్పుడు ఎర ఊపిరాడక మెల్లగా చనిపోతుందని చాలాకాలం భావించారు. బోవా జాతి పాములపై జరిపి 2015లో ప్రచురించిన పరిశోధన, ఆ పట్టు వల్ల ఎర శరీరంలో రక్తప్రసరణ క్షణాలలోనే స్తంభిస్తుందని చూపింది. కనుక దోషం పాము పట్టులో లేదు. అడవికీ అద్దాల పెట్టెకూ ఉన్న తేడాలో ఉంది. అడవిలో ఎలుకకు పరుగెత్తడానికి నేల, దూరడానికి కలుగు ఉంటాయి. పెట్టెలో నాలుగు గోడలు తప్ప మరేమీ లేవు. పాముకు ఆకలి లేకపోతే ఆ ఎలుక గంటల తరబడి తన శత్రువు ఎదుటే నక్కి ఉండవలసి వస్తుంది. అక్కడ దానిని ఉంచినది ప్రకృతి కాదు, మనిషి చెయ్యి.

నష్టం ఎలుకకు మాత్రమే కాదు. మూలకు చిక్కిన ఎలుక ఎదురు తిరిగి కరుస్తుంది. ఆకలి లేని పాము చాలాసార్లు తప్పించుకోవడానికి కూడా ప్రయత్నించదు. రాత్రంతా ఎలుకతో వదిలివేసిన పాము వీపు కండ ఎముకల దాకా కొరకబడిన సందర్భాలు, కన్ను పోయిన సందర్భాలు, ప్రాణమే పోయిన సందర్భాలు సరీసృపాల పశువైద్యులకు తెలియనివి కావు. స్విట్జర్లాండ్ జంతు సంరక్షణ నిబంధనలు ప్రాణమున్న జంతువును మేతగా వేయడాన్ని కొన్ని షరతులకు లోబరిచాయి. చనిపోయిన ఆహారంతో పోషణ సాధ్యపడకపోవడం ఆ షరతులలో ఒకటి.

ఇప్పుడు మన ధర్మం వైపు చూద్దాం. ఎలుకను చంపదగిన హానికర ప్రాణులలో ఒకటిగా హదీసులు పేర్కొన్నాయి. కనుక ఎలుక విషయంలో దయ గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని చంపే అనుమతిని, చంపే తీరును ఇస్లాం వేరువేరుగా చూసింది. ప్రతి విషయంలోనూ ఉత్తమ రీతిని అల్లాహ్ విధిగా చేశాడనీ, చంపవలసి వచ్చినా ఉత్తమంగా చంపాలనీ, జిబహ్ చేసేవారు కత్తికి పదును పెట్టి ప్రాణికి ఉపశమనం కలిగించాలనీ దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. గొర్రెను పడుకోబెట్టి దాని కళ్ళెదుటే కత్తి నూరుతున్న వ్యక్తిని ఆయన (స) మందలించిన ఉల్లేఖనం కూడా ఉంది. కత్తి తగలకముందే భయంతో ఆ జంతువు ఒకసారి చనిపోతుందన్నది ఆ మందలింపులోని భావం. అద్దాల పెట్టె మూలలో వణికే ఎలుక స్థితి ఇంతకంటే భిన్నమైనదా?

మరొక సంఘటన. కొందరు యువకులు ఒక కోడిని కట్టివేసి దానిపై బాణాలు గురిచూసి ఆడుకుంటున్నారు. అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఆ దారిన వెళుతూ చూశారు. ప్రాణమున్న దానిని గురిగా చేసుకొనేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన తెలియజేశారు. కోడి మాంసం మనకు హలాల్. అయినా దాని వేదన వినోదం కారాదు. పాముకు ఎలుకను వేసి, చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి, ఫోనులో చిత్రీకరించి నలుగురికీ పంపే ఇళ్ళవారు ఈ హదీసును ఒకసారి మననం చేసుకోవాలని మా మనవి.

రెండవ పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఎలుకలను పెంచే సంస్థలు సాధారణంగా కార్బన్ డయాక్సైడ్ వాయువుతో వాటిని చంపి, గడ్డకట్టించి అమ్ముతాయి. పాము నడుము లావును మించని ఎలుకను ఎంచుకొని, రాత్రి ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. తరువాత సంచిలో ఉంచి వేడినీళ్ళలో ముంచి వెచ్చచేయాలి. మైక్రోవేవ్‌లో పెట్టరాదు. బాల్ పైథాన్ పెదవుల అంచున వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, అందుకే చల్లని ఎలుకను అది ఎరగా గుర్తించకపోవచ్చు. వెచ్చని ఎలుకను పొడవాటి పటకారుతో పట్టి కొద్దిగా కదిలిస్తే చాలా పాములు అందుకుంటాయి. ఖర్చు తగ్గుతుందని ప్రాణమున్న ఎలుకను తెచ్చి ఇంటి ఫ్రీజర్‌లో పెట్టి చంపడం మాత్రం కూడదు. అది మరొక హింస.

కొన్ని పాములు మొదట మొండికేస్తాయి. ముఖ్యంగా అడవిలో పట్టి తెచ్చిన బాల్ పైథాన్‌లు చనిపోయిన ఎరను ముట్టవు. పెంపకంలో పుట్టినదానిని ఎంచుకోవడం, సాయంత్రం వేళ మేత పెట్టడం, పెట్టెలో తగిన వెచ్చదనం, దాగడానికి చోటు ఉండేలా చూడడం ఉపకరిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. కనుక రెండు వారాలు తినలేదని కంగారుపడి ప్రాణమున్న ఎలుకను వదలనవసరం లేదు. బరువు తగ్గుతుంటే పశువైద్యునికి చూపించాలి.

పరిశుభ్రత కూడా విస్మరించరానిది. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా సూక్ష్మక్రిములు చావవు. 2010లో అమెరికాలో గడ్డకట్టించిన ఎలుకల ద్వారా మనుషులకు ఈ వ్యాధి సోకింది. కనుక మన ఆహారం ఉంచే ఫ్రీజర్‌లో ఎలుకలను ఉంచవద్దు. వంటింటి పాత్రలు, సింకు వాడవద్దు. పామును గాని, దాని మేతను గాని ముట్టిన చేతులను సబ్బుతో కడగాలి. అయిదేళ్ళలోపు పిల్లలను, వృద్ధులను వాటికి దూరంగా ఉంచాలి. తహారత్‌కు ప్రాధాన్యమిచ్చే ఇంటికి ఈ జాగ్రత్తలు భారమనిపించవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పాఠకులకు ఒక స్పష్టీకరణ. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన దేశపు పాములను పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతుల విషయంలోనూ 2022 సవరణ తరువాత నిబంధనలు కఠినమయ్యాయి. ఇక ధర్మశాస్త్రం వైపు చూస్తే, హానికర ప్రాణుల ప్రస్తావనలో పాము పేరు కూడా ఉన్నందున దాని పెంపకాన్ని సమ్మతించని పండితులు ఉన్నారు. కనుక పిల్లవాని కోరికకు తలూపేముందు మీరు నమ్మే ఆలిమ్‌ను సంప్రదించండి. పెంచనవసరం లేకుండానే పామును గురించి తెలుసుకోవడానికి పుస్తకాలున్నాయి, జంతు ప్రదర్శనశాలలున్నాయి.

ఇప్పటికే ఇంట్లో పాము ఉన్నవారికి మా మాట ఒక్కటే. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెతుక్కొనే వీలూ ఇవ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని హదీసు చెబుతున్నది. బంధించినవారిపైనే పోషణ భారం ఉంటుంది. ఆ భారంలో పాము ఆకలితోపాటు ఎలుక భయం కూడా ఒక భాగమే. బలవంతుడు బలహీనుణ్ణి ఏం చేసినా చెల్లుతుందన్న పాఠాన్ని పసి మనసుకు అందించాలా, చంపక తప్పని చోట కూడా బాధను తగ్గించడమే దాసుని ధర్మమన్న పాఠాన్ని అందించాలా అన్నది తల్లిదండ్రులు నిర్ణయించుకోవాలి.