ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఎవరు చూడాలి?

ఉదయం ఏడున్నర. హైదరాబాద్ కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ కింద క్యాబ్ హారన్ కొడుతోంది. మూడో అంతస్తులో తల్లి చెప్పులేసుకుంటూనే ఉగ్గు ఎప్పుడు పెట్టాలో, జ్వరం మందు ఎన్ని చుక్కలు వెయ్యాలో మరోసారి చెబుతోంది. బిడ్డను చంకనేసుకుని వింటున్నది వాడి అమ్మమ్మ. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఊళ్లో తాతయ్య ఒక్కడే కుక్కర్‌లో ఇంత అన్నం పడేసుకుని, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకుంటున్నాడు. ఇలాంటి ఇళ్లు ఆ చుట్టుపక్కల ఏ వీధికెళ్లినా కనిపిస్తాయి.

అమెరికా తెలుగు ఇళ్లలోనూ ఇదే తంతు. పురుడు పొయ్యడానికి వెళ్లిన అమ్మకు విజిటర్ వీసా మీద మామూలుగా దొరికేది ఆరు నెలలు. ఆవిడ తిరుగు విమానం ఎక్కే వేళకు అత్తగారు దిగుతారు. వియ్యపురాళ్లు వంతులేసుకుని సముద్రాలు దాటితేనే అక్కడ రెండు ఉద్యోగాలు సాగుతున్నాయి.

మన చట్టాల్లో ఉన్న పెద్ద ఖాళీని ఈ పెద్దావిడలే పూడుస్తున్నారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. మంచి పని. అయితే అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి మళ్లీ ఆఫీసు మెట్లెక్కే నాటికి బిడ్డకు నాలుగు నెలలు నిండి ఎన్నో రోజులు కావు. అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టేదేమో మూడేళ్లు నిండాక. నడుమ రెండున్నరేళ్లకు పైనే. ఆదుకునే అమ్మమ్మో నాయనమ్మో లేకపోతే ఉద్యోగం మానేది ఎవరో చెప్పనక్కర్లేదు.

50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణకు క్రెష్ ఉండాలన్నదీ ఆ సవరణే. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది. కానీ ఖర్చు యజమానిదే అనడంతో ‘ఆడవాళ్లను తీసుకుంటే భారం’ అన్న గొణుగుడు మొదలైంది. పైగా రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్లి బిడ్డను చూసొచ్చే వీలు తల్లికే ఇచ్చారు. తండ్రి ఊసే లేదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవారిలో ఆడవాళ్లు అందుకు రోజుకు 137 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 75 నిమిషాలు. ఆ పని ఎవరిదని మనం అనుకుంటున్నామో చట్టమూ అలాగే అనుకుంది.

అదే కూకట్‌పల్లిలో కడుతున్న భవనం దగ్గర ఇంకో తల్లి. ఇసుక కుప్ప పక్కన రెండు గుంజలకు చీర కట్టి ఉయ్యాల వేసింది. ఊపుతున్నది ఏడేళ్ల అక్క. ఆ పిల్ల బడిలో ఉండాల్సిన వేళ అది. 50 మందికి మించి మహిళా కూలీలున్న నిర్మాణ స్థలంలో క్రెష్ ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. అంతమంది లేని చిన్న పనుల దగ్గర ఆ చట్టం అక్కరకు రాలేదు. ఢిల్లీలో 1969లో మొదలైన మొబైల్ క్రెషెస్ సంస్థ కూలీల పిల్లల కోసం కట్టడాల దగ్గరే కేంద్రాలు నడిపి దారి చూపింది.

పల్లెల కోసం తెచ్చిన 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక చక్కటి ఏర్పాటు పెట్టారు. పని దగ్గరికి తల్లుల వెంట ఐదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే, వారిని చూసుకోవడానికి ఒక కూలీని కేటాయించి ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. పిల్లల్ని చూడటమూ పనే, దానికీ డబ్బివ్వాలని ఒప్పుకున్న అరుదైన నిబంధన ఇది. నగరాల్లో ఇంత మాత్రం కూడా ఎందుకు కుదరదు?

దారి కొత్తగా వెతకనక్కర్లేదు. ఆరు నెలల పసివాళ్లనుంచీ రోజుకు ఏడున్నర గంటలు చూసుకునే అంగన్‌వాడీ క్రెష్‌లు కేంద్రం ‘పాల్నా’ పథకంలో ఉన్నాయి. అయితే పెట్టుకున్న లక్ష్యమే 17,000. దేశంలో అంగన్‌వాడీలేమో దాదాపు 14 లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు పారిశ్రామికవాడల్లో, కూలీల బస్తీల్లో వీటిని తెరవాలి. ఆయాలకు బతకగలిగే జీతమివ్వాలి. పనివేళలు తల్లిదండ్రుల డ్యూటీకి సరిపోవాలి.

ఈలోగా ఉద్యోగులు తమ ఆఫీసులో ఎంతమంది పనిచేస్తున్నారో ఒకసారి లెక్కపెట్టుకోవాలి. 50 మంది, అంతకు మించి ఉంటే క్రెష్ కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఆ కాగితం మీద మొదటి సంతకాలు తండ్రులు చెయ్యాలి.