నిలిచి ఉన్న కారు కూడా అమానతే

మన పట్టణాలలోనే కాక పెద్ద గ్రామాలలో సైతం ముస్లిం కుటుంబాల వాకిళ్ళలో కారు కనబడటం నేడు సాధారణ విషయమైంది. అయితే ఆ కార్లలో చాలా వాటికి రోజూ పని ఉండదు. కుమారుడు రియాద్‌లోనో, దోహాలోనో, దుబాయిలోనో ఉద్యోగం చేస్తూ, అమ్మీ అబ్బాల అవసరానికి ఉండాలని కొని ఇచ్చి వెళ్ళిన కారు అది. లేదా ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ముచ్చటపడి కొనుక్కొని, ట్రాఫిక్‌కు జంకి పక్కన పెట్టిన కారు. నికాహ్‌కు, పండుగకు, ఆసుపత్రికి తప్ప అది కదలదు. నెలకు వంద కిలోమీటర్లు తిరిగితే గొప్ప.

ఇటువంటి కారు విషయంలో మనలో ఒక అపోహ పాతుకుపోయింది. తిరగని కారు అరగదు, అరగని కారుకు ఖర్చు ఉండదు అని మనం అనుకుంటాము. వాస్తవం ఇందుకు భిన్నంగా ఉంటుంది. తిరిగే కారు కిలోమీటర్ల లెక్కన అరుగుతుంది, నిలిచిన కారు నెలల లెక్కన క్షీణిస్తుంది. మొదటి క్షీణత మన కంటికి కనబడుతుంది. రెండవది అవసరం ముంచుకొచ్చిన రాత్రి మాత్రమే బయటపడుతుంది. అబ్బాకు ఛాతీలో నొప్పి వచ్చిన వేళ తాళం తిప్పితే కారు పలకకపోవచ్చు. పలికినా, బ్రేకు సరిగా పడక దారిన పోయే మరొకరి ప్రాణానికి ముప్పు రావచ్చు. అందుచేత ఇది కేవలం సొమ్ముకు సంబంధించిన విషయం కాదు.

అల్లాహ్ ప్రసాదించిన ప్రతి అనుగ్రహమూ మన చేతిలో ఒక అమానత్. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా ఉంచాలని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించిన విషయం మనందరికీ తెలుసు. వాహనం ఎక్కగానే దుఆ చదవటం మన సంప్రదాయం. ఆ వాహనాన్ని ప్రయాణానికి యోగ్యంగా ఉంచటం ఆ దుఆకు ముందు మనం చేయవలసిన పని.

మొట్టమొదట బలహీనపడేది బ్యాటరీ. కారు ఆపివేసి ఉన్నప్పటికీ గడియారం, అలారం, లోపలి కంప్యూటరు కొద్దికొద్దిగా విద్యుత్తును వాడుతూనే ఉంటాయి. మన ఎండలకు బ్యాటరీ తనంతట తానుగా కూడా శక్తిని కోల్పోతుంది. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, కారు ఆగి ఉన్న స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. అది 12 వోల్టులకు దిగితే దాదాపు ఖాళీ అయినట్లే. అలా ఖాళీగా ఎక్కువకాలం ఉంటే లోపలి పలకలపై గట్టి పొర పేరుకొని, తిరిగి ఛార్జి చేసినా పూర్వపు శక్తి రాదు.

దీనికి విరుగుడుగా చాలామంది రెండు మూడు రోజులకొకసారి కారును నిలిచినచోటనే అయిదు నిమిషాలపాటు స్టార్టు చేసి ఆపివేస్తారు. ఉద్దేశం మంచిదే కాని, ఫలితం మంచిది కాదు. స్టార్టు చేయటానికి ఖర్చయిన విద్యుత్తు అంత కొద్ది సమయంలో పూర్తిగా తిరిగి చేరకపోవచ్చు. ఇంజిన్ తగినంత వేడెక్కదు. లోపల పుట్టిన తేమ ఆవిరై పోకుండా ఇంజిన్ ఆయిల్‌లోను, సైలెన్సర్ గొట్టంలోను నిలిచిపోతుంది. ఆయిల్ పలచబడుతుంది, గొట్టం తుప్పు పడుతుంది. మూసి ఉన్న షెడ్డులో ఇలా స్టార్టు చేయటం ప్రాణాంతకం కూడా. పొగతోపాటు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషి గ్రహించేలోపే స్పృహ తప్పుతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, వారానికొకసారి కారును రోడ్డు మీదికి తీసుకువెళ్ళి కనీసం అరగంటసేపు నడపాలి. పదిహేను, ఇరవై కిలోమీటర్లు తిరిగితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, బ్యాటరీకి కొంత శక్తి చేరుతుంది, టైర్లు గుండ్రంగా తిరుగుతాయి, బ్రేకుల మీది తుప్పు రాలిపోతుంది. ఆ ప్రయాణంలో పది నిమిషాలపాటు ఏ.సి. కూడా నడపాలి. ఏ.సి. కంప్రెసర్‌లోని నూనె అప్పుడే దాని లోపలి రబ్బరు సీళ్ళకు చేరి వాటిని ఎండిపోకుండా కాపాడుతుంది. బయలుదేరే ముందు బానెట్‌ను చేతితో రెండుసార్లు తట్టాలి. వెచ్చదనం కోసమో, నీడ కోసమో పిల్లులు అందులో దూరి నిద్రిస్తుంటాయి. మూగజీవిని హింసించరాదన్న బోధను పాటించటానికి ఇంతకన్నా సులువైన పని ఉండదు.

ఇక ఇంజిన్ ఆయిల్. చాలా పెట్రోలు కార్లకు తయారీదారులు చెప్పే గడువు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం, ఈ రెండింటిలో ఏది ముందైతే అది. మన దృష్టి ఎప్పుడూ మొదటి సంఖ్య మీదనే నిలుస్తుంది. ఏడాదికి 1,500 కిలోమీటర్లే తిరిగింది, ఇంకా మార్చనవసరం లేదని అనుకుంటాము. గాలి, తేమ సోకి ఆయిల్ తన గుణాన్ని కోల్పోవటానికి కిలోమీటర్లతో పని లేదు. పైగా కొద్ది దూరాలే తిరిగే కారులో ఆయిల్ మరింత త్వరగా పాడవుతుంది. కనుక తక్కువ తిరిగే కారుకు సర్వీసింగ్ తేదీని క్యాలెండరు చూసి నిర్ణయించాలి. మీ కారు పుస్తకంలోని గడువునే ప్రమాణంగా తీసుకోవాలి.

బ్రేక్ ఆయిల్ విషయం ఇంకా ముఖ్యమైనది. అది గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం కలది. తేమ చేరిన బ్రేక్ ఆయిల్ త్వరగా మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే అందులో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ తొక్కినా బ్రేకు పడని స్థితి రావచ్చు. సాధారణంగా రెండేళ్ళకొకసారి దానిని మార్చాలని చెబుతారు. కారు ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ఈ గడువు మారదు. రేడియేటర్‌లోని కూలెంట్‌కు కూడా ఇలాగే కాలపరిమితి ఉంటుంది. తగ్గినప్పుడు కుళాయి నీళ్ళు పోయకుండా పుస్తకంలో సూచించిన రకాన్నే పోయించాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు.

టైర్ల విషయంలో కంటిని నమ్మితే మోసపోతాము. గాడులు లోతుగా, కొత్తవిగానే కనబడతాయి కాని, రబ్బరు వయసుతో గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. టైరు పక్కభాగంలో నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటిన టైర్లను ఏటా నిపుణునికి చూపించాలి. పదేళ్ళు దాటినవాటిని, చూపునకు ఎంత బాగున్నా, వాడరాదు. స్టెపినీకి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. నిలిచి ఉన్న టైరులో గాలి నెలనెలా కొంత తగ్గుతూ ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ పక్కన సాధారణంగా కనబడే పట్టికను చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, నెలకొకసారి గాలి సరిచూడాలి.

ఇంధనం సంగతి చూద్దాం. మన దేశంలో నేడు అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్‌కు తేమను పీల్చుకొనే గుణం ఉంది. ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువైతే తేమకు అంత చోటు. నెలల తరబడి అదే పెట్రోలు ఉంచటం మంచిది కాదు కనుక, వాడుతూ మధ్యమధ్య కొత్త పెట్రోలు కలుపుతూ ఉండాలి. ఇక 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే కారు కొంత దూరం వేగంగా సాగాలి. వీధి చివర వరకు వెళ్ళి వచ్చే కారులో ఆ ఫిల్టరు మూసుకుపోతుంది. తక్కువ తిరిగే కుటుంబం కారు కొనదలిస్తే పెట్రోలు కారును ఎంచుకోవటం మేలు.

హజ్ యాత్రకు వెళ్ళేవారు సుమారు నలభై రోజులు ఇంటికి దూరంగా ఉంటారు. గల్ఫ్‌లోని పిల్లల వద్దకు వెళ్ళేవారు రెండు మూడు నెలలు ఉండి వస్తారు. అప్పుడు కారును కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ట్యాంకు నింపి, టైర్లలో గాలి సరిచూసి, సమతలమైన చోట నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి వదిలితే అది పట్టుకుపోయే ప్రమాదం ఉంది. కనుక కారును గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా ఇటుకలు అడ్డం పెట్టాలి. ఆటోమేటిక్ కారైతే పార్కింగ్ గేరులో ఉంచాలి. బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పించి ఉంచవచ్చు. అయితే ముందుగా కారు పుస్తకం చూడాలి, ఎందుకంటే కొన్ని కార్లలో గడియారం, అద్దాల అమరిక మళ్ళీ సరిచేయవలసి వస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరు కప్పాలి. ప్లాస్టిక్ పట్టా లోపల తేమ నిలుస్తుంది. ఖర్జూరం పొట్లమో, బిస్కెట్ ప్యాకెట్టో లోపల మిగిలితే ఎలుకలకు ఆహ్వానం పలికినట్లే. అవి తీగలు కొరికితే మరమ్మత్తు ఖర్చు వేలల్లో ఉంటుంది. తిరిగి వచ్చాక కారు కింద నూనె మరకలున్నాయా, బానెట్ లోపల గూళ్ళున్నాయా అని చూసి, ఇంటి దగ్గరే మెల్లగా నడిపి బ్రేకులు పరీక్షించి, ఆ తర్వాతే రోడ్డెక్కాలి.

కాగితాల గడువు కూడా కారు తిరిగినా తిరగకపోయినా గడుస్తూనే ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనం వాడటం నేరం. మొదటిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బీమా ముగిసిన 90 రోజుల లోపల పునరుద్ధరించకపోతే ఏళ్ళ తరబడి కూడబెట్టుకొన్న నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీని, పదిహేనేళ్ళకు ముగిసే సొంత కారు రిజిస్ట్రేషన్ తేదీని ఇంట్లో అందరికీ కనబడేచోట వ్రాసి పెట్టుకోవాలి.

తల్లిదండ్రులకు రెండు మాటలు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. నిలిచి ఉన్న కారు పిల్లలకు ఆటస్థలంగా కనబడుతుంది. 2025 మే నెలలో విజయనగరం జిల్లాలో నిలిపి ఉన్న కారులోకి ఆడుకుంటూ దూరిన నలుగురు చిన్నారులు, తలుపులు పడిపోయి బయటకు రాలేక మరణించారు. కారుకు ఎల్లవేళలా తాళం వేసి ఉండాలి, తాళంచెవి పిల్లలకు అందరాదు. రెండవది, కారు ఊరకే ఉన్నది కదా అని లైసెన్సు లేని పదహారేళ్ళ కుర్రవానికి ఇవ్వటం ప్రేమ కాదు. మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేక యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. జరిమానా కట్టవచ్చు, పోయిన ప్రాణానికి బదులు కట్టలేము.

నడపగలిగినవారు ఇంట్లో లేకపోతే ఏమి చేయాలి? లైసెన్సు కలిగిన మేనల్లునికో, నమ్మకమైన పొరుగువారికో తాళం అప్పగించి, వారానికొకసారి నడపమని కోరవచ్చు. పొరుగున రోగి ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళటానికి అదే కారు అక్కరకు వస్తుంది. చిన్నపాటి అవసర వస్తువులను సైతం ఇరుగుపొరుగుకు ఇవ్వనివారిని ఖుర్ఆన్‌లోని అల్ మాఊన్ సూరా మందలించింది. తీసుకొన్నవారు కూడా అది తమ చేతిలోని అమానత్ అని ఎరిగి, తీసుకొన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. ఇవేవీ వీలుకాని కుటుంబం కారును అమ్మివేసి, అవసరమైననాడు అద్దె కారులో వెళ్ళటానికి సంకోచించనవసరం లేదు. నలుగురిలో గౌరవం కోసం వాకిట్లో తుప్పు పట్టనివ్వటం ఇస్రాఫ్ తప్ప మరొకటి కాదు. అయితే కొడుకు చెమటోడ్చి కొనిచ్చిన కారును అమ్మదలిస్తే ముందుగా అతనితో సంప్రదించటం ధర్మం.

అరగంట నడపమన్నాము కదా, ఎక్కడికి నడపాలి? మసీదు దగ్గరగా ఉన్నవారు నడిచి వెళ్ళటమే మేలు, ఆ అడుగులకు పుణ్యం ఉంది. జుమా రోజు అస్ర్ నమాజు తర్వాత కారు తీయండి. పక్క ఊరిలోని ఖాలా ఇంటికి వెళ్ళండి. మంచం పట్టిన పాత మిత్రుని పలకరించండి. ఖబ్రస్తాన్‌కు వెళ్ళి పెద్దల కోసం దుఆ చేయండి. బంధుత్వాలు కూడా చాలాకాలం కదలికలేక నిలిచిపోతే బిగుసుకుపోతాయి. వారంలో ఒక్క అరగంట కారుకూ చాలు, బంధువుకూ చాలు.