కొయ్య నేర్పిన పాఠము

విద్యార్థులారా! మీరు కూర్చున్న బల్లను ఒక్కసారి పరికించి చూడుడు. దాని కాళ్ళు అడ్డకొయ్యలతో ఎట్లు కలిసియున్నవో, పైపలక అంచు చేతికి గ్రుచ్చుకొనకుండ ఎట్లు నునుపు చేయబడినదో ఎన్నడైన గమనించితిరా? దినమునకు ఆరేడు గంటలు బల్లపై గడుపుచున్నను, దానిని ఎవరు చేసిరో, ఎట్లు చేసిరో మనలో అనేకులకు తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు పుట్టదు. ఇది మన చదువులోని గొప్ప లోపమని నా అభిప్రాయము. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు పాఠశాల విడుచులోపల తన యింటికి పనికివచ్చు కొయ్యసామాను ఒక్కటియైనను స్వహస్తములతో చేసియుండవలెను.

ఈ అభిప్రాయము నాకు మొదటినుండి ఉన్నది కాదు. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున వడ్రంగి కుమారుడొకడు నా తరగతిలో నుండెను. అతనికి ఛందస్సు పట్టుబడలేదు. ఒకనాడు గణవిభజనలో తప్పు చేయగా నేను విసుగుచెంది, "నీకీ చదువు రాదు. పోయి బాడిస పట్టుకొనుము" అంటిని. తరగతియంతయు నవ్వెను. ఆ బాలుడు తల వంచుకొనెను. బాడిస పట్టుట చదువు రానివాని పనియని ఆ ఒక్క మాటతో నలువదిమంది పిల్లలకు నేర్పితిని. ఆ పాఠము ఎంత తప్పో ఉద్యోగము విరమించిన తరువాత గాని నాకు తెలియలేదు.

విరామము దొరికిన పిమ్మట నా మనుమరాలికొరకు ఒక స్టూలు చేయవలెనని నాకు బుద్ధి పుట్టెను. రంపము, ఉలి, సుత్తి, తోపడ, మూలమట్టము సమకూర్చుకొంటిని. పెరటిలో పడియున్న పాత వేపచెక్కను తీసి పని మొదలిడితిని. మొదటి గంటలోనే నా పాండిత్యము ఎందుకును కొరగాదని తేలెను. పెన్సిలుతో గీసిన గీతమీదనే రంపము నడిపితిని. కాలు కురుచయయ్యెను. రంపపు పండ్లును కొంత కొయ్యను తినివేయును. కావున గీతను నిలిపి, పారవేయవలసిన ముక్కవైపున కోయవలెను. ఆ సంగతి నాకు తెలియదు. తోపడను కొయ్యనారకు ఎదురుగా త్రోసితిని. నునుపు కావలసిన పలక పెచ్చులుగా లేచెను. తప్పు నాదని ఒప్పుకొనలేక, రంపము మంచిది కాదంటిని. ఆడలేక మద్దెల ఓడన్నట్లయ్యెను.

ఎట్లో స్టూలు నిలిచెను గాని కూర్చుండగనే ఊగెను. పొడుగుగా నున్నదని తోచిన కాలిని కొంత కోసితిని. అప్పుడు మరియొక కాలు పొడుగయ్యెను. దానిని కోయగా మూడవది మిగిలెను. 18 అంగుళముల ఎత్తుండవలసిన స్టూలు 14 అంగుళములకు దిగెను. "తాతయ్యా! ఇంకొక దినము కోసినచో ఇది పీట యగును" అని మనుమరాలు నవ్వెను.

తుదకు మా ఊరి వడ్రంగికి కబురంపితిని. వచ్చినవాడు నేను ఆనాడు అవమానించిన శిష్యుడే. అతడు నా పనిని చూచి నవ్వలేదు. స్టూలును చదునైన అరుగుపై నిలిపి, పైపలక సమముగా వచ్చువరకు కాళ్ళక్రింద సన్నని చెక్కపేళ్ళు దూర్చెను. తరువాత ఒక చిన్న చెక్కముక్కను అరుగుపై పరచి, దానిపై పెన్సిలు నానించి, నాలుగు కాళ్ళచుట్టును ఒకే ఎత్తున గీత గీసెను. ఆ గీతలవెంబడి కోసెను. స్టూలు కదలక నిలిచెను. "మాస్టారూ! కాలిని చూచి కోయగూడదండీ. నేలను ఆధారము చేసికొని గీయవలెను" అని మాత్రము చెప్పెను.

నేను ఆనాటి మాటకు క్షమింపుమని అడిగితిని. "అది ఎప్పుడో మరచితిని మాస్టారూ" అనెను. కాని వెళ్ళునప్పుడు గుమ్మముకడ నిలిచి, "అది భగణము. నేను జగణమంటిని" అనెను. అతడు మరువలేదని అప్పుడు నాకు అర్థమయ్యెను.

కొయ్యపని బుద్ధికి సంబంధించినది కాదనువారు ఒక్క పీటనైన చేసి చూడవలెను. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపైనను ఊగదు, నాలుగు కాళ్ళది ఊగును. కారణమేమి? ఒకే రేఖపై లేని మూడు బిందువులు ఎల్లప్పుడును ఒక తలముపై నుండును. నాలుగవ బిందువు ఆ తలమునకు చేరవచ్చును, చేరకపోవచ్చును. చట్రము మూల సరిగా నున్నదో లేదో తెలియవలెనన్న, ఒక అంచున 30 సెంటీమీటర్లు, రెండవ అంచున 40 సెంటీమీటర్లు గుర్తించి, ఆ రెండు గుర్తుల నడుమ కొలిచినచో సరిగా 50 రావలెను. మీరు బడిలో వల్లించు పైథాగరస్ సిద్ధాంతమే యిది. వానకాలమున తలుపు బిగుసుకొనుట చూచియుందురు. కొయ్య తేమను పీల్చి నారకు అడ్డముగా ఉబ్బును. పొడవున మాత్రము దాదాపు మారదు. ఇది పుస్తకమున చదివిన మరతురు గాని చేతితో నేర్చిన మరువరు.

కొయ్యను ఎరుగుట మన నేలను ఎరుగుటయే. ద్వారబంధములకు టేకు, కొండపల్లి బొమ్మలకు తేలికయైన తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు ఏల వాడుదురో మన వృత్తికారులు తరతరముల అనుభవముచేత కనుగొనిరి. అది వ్రాయని శాస్త్రము.

కొందరు, "పరీక్షలకు చదువుకొనవలసిన పిల్లలకు ఈ శ్రమయేల? కుర్చీ అంగడిలో దొరకును గదా!" అందురు. నిజమే, దొరకును. కాని దానితోబాటు ఓర్పు దొరకదు. కొయ్య మొగమోటము లేని గురువు. అది ఎవరి సిఫారసును వినదు. కొలత తప్పిన కీలు బిగియదు. అధికముగా కోసిన ముక్క మరల పెరుగదు. తన తప్పును తానే చూచి దిద్దుకొనుట ఇంతకంటె చక్కగా నేర్పు పాఠము నాకు తెలియదు.

మరికొందరు ఇది ఒక కులమువారి పనియందురు, లేక మగవారి పనియందురు. ఈ మాటయే నాకు మిక్కిలి బాధాకరము. 1910వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గు సమీపమున గాంధీజీ టాల్‌స్టాయ్ క్షేత్రమును నెలకొల్పినపుడు, న్యాయవాదియైన ఆయన చెప్పులు కుట్టుట నేర్చెను. అచటివారు తమకు వలసిన బెంచీలను, పెట్టెలను తామే చేసికొనిరి. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభ, చదువు ఒక ఉత్పాదకమైన చేతిపనిచుట్టును సాగవలెనని తీర్మానించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును 6 నుండి 8వ తరగతివరకు గల పిల్లలు పుస్తకసంచి లేకుండ 10 దినములు వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు మొదలైనవారియొద్ద పని నేర్వవలెనని చెప్పుచున్నది. మాటలు వ్రాయుట సులభము. వడ్రంగిని గురువుగా కూర్చుండబెట్టి నమస్కరించుట కష్టము. ఆ కష్టమును మీ తరమైన దాటవలెను.

మొదలుపెట్టదలచినవారికి ఒక మాట. ఖరీదైన టేకు వలదు; పాత పెట్టె చెక్కలు చాలును. పలకక్రింద రెండు అడ్డకొయ్యలు బిగించి మొదట పీట చేయుడు. పెద్దలు దగ్గర లేనిదే పని చేయకుడు, విద్యుద్రంపమును తాకకుడు. ఉలి పట్టునపుడు రెండు చేతులును దాని మొనకు వెనుకనే యుండవలెను. మొద్దుబారిన ఉలి మరింత ప్రమాదకరము. అది బలము కోరును, బలము అదుపు తప్పును.

మీ మొదటి పీట వంకరగనే యుండును. సిగ్గుపడకుడు. నా 14 అంగుళముల స్టూలు నేటికిని మా వసారాలో నున్నది. ఎవరైన దానిని చేసినదెవరని అడిగినచో, కాళ్ళు నేను కోసితిననియు, నిలిపినది నా గురువనియు చెప్పుచుందును.