సున్న తీసేయమని చెప్పకండి

మీ ఇంట్లోనో పక్కింట్లోనో రెండో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ సాయంత్రం ఒక చిన్న లెక్క ఇచ్చి చూడండి. 30కి 40 కలిపితే ఎంత? చాలామంది ఠక్కున 70 అంటారు. ఎలా చేశావని అడగండి. "సున్నలు తీసేసి మూడూ నాలుగూ కలిపాను. ఏడు పక్కన సున్న పెట్టాను" అంటారు. ఇది పెద్దవాళ్లం నేర్పిన కిటుకే. జవాబూ సరైనదే.

ఇప్పుడు 300కి 40 కలపమనండి. ఆ కిటుకునే నమ్ముకున్న పిల్లవాడు 700 అనవచ్చు, 70 అనీ అనవచ్చు. తప్పు వాడిది కాదు. సున్న తీసేయమన్నాం గాని, ఎందుకు తీయవచ్చో, ఎప్పుడు తీయకూడదో చెప్పలేదు.

అసలు సంగతి ఇది. 30 అంటే మూడు పదులు, 40 అంటే నాలుగు పదులు. పదేసి పుల్లల కట్టలు మూడింటికి నాలుగు చేరిస్తే ఏడు కట్టలవుతాయి. 300 దగ్గర కట్ట మారింది. అవి మూడు వందలు, ఇవి నాలుగు పదులు. వందల కట్టలు విప్పితే ముప్పై పదులు వస్తాయి. వాటికి నాలుగు చేరిస్తే ముప్పై నాలుగు పదులు, అంటే 340. ఒకే రకం కట్టలనే కలపాలి. సూత్రం ఇంతే.

మన భాషలో ఒక చిక్కుంది. "మూడు వందలు" అన్నప్పుడు ఎన్ని కట్టలో, ఏ కట్టలో రెండూ వినిపిస్తాయి. "ఇరవై"లో రెండు గాని, "డెబ్బై"లో ఏడు గాని చిన్నపిల్లల చెవికి వినిపించవు. అందుకే మొదట్లో "ఏడు పదులు, అంటే డెబ్బై" అని రెండూ కలిపి పలికించండి.

తీసివేతకూ ఇదే దారి. 400లోంచి 130 పోవాలంటే నలభై పదుల్లోంచి పదమూడు పదులు తీస్తే ఇరవై ఏడు పదులు, 270. చిల్లర ఇచ్చే కొట్టు యజమానిని గమనించారా? 320 రూపాయల సరుకుకు 500 నోటు ఇస్తే, 80 వేసి "నాలుగొందలు", ఇంకో వంద వేసి "అయిదొందలు" అంటాడు. కూడుతూనే 180 తీసివేత చేసేశాడు!

కట్టకు పదే ఉండాలన్న నియమమేమీ లేదు. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. పది అణాలకు పది అణాలు కలిపితే రూపాయి నాలుగణాలు. "పదహారణాల తెలుగు" అన్న మాట ఆనాటిదే. అప్పుడు నిండు సంఖ్య పదహారు! కాబట్టి గొప్పతనం సున్నది కాదు, కట్టది.

సైన్సు మాస్టారికి రెండో తరగతి లెక్కల గొడవ ఎందుకంటారా? 3 × 10⁴కు 4 × 10³ కలపమంటే 7 × 10⁷ అని రాసే పెద్ద పిల్లలను నేను ఏటా చూస్తున్నాను. సరైన జవాబు 34,000. వాళ్లు రాసింది ఏడు కోట్లు! 2 మీటర్లకు 50 సెంటీమీటర్లు కలిపి 52 అనేవాళ్లూ ఉన్నారు. ఇవి కొత్త తప్పులు కావు. 300కి 40 కలిపి 700 అన్న పాత తప్పే, పొడుగు లాగూ తొడుక్కుని వచ్చింది.

పరీక్షలో వేగం కావాలి కదా అని కొందరంటారు. నిజమే. కాని కట్టలు అర్థమైన పిల్లవాడు సున్నల కిటుకును తనంతట తానే కనిపెడతాడు. ముందే కిటుకు ఇచ్చేస్తే కట్టలను వెతికే అవసరమే వాడికి రాదు.

అందుకే మీకు చెబుతున్నాను. ఇంట్లో చిన్నవాళ్లు లెక్క చెప్పమని మొదట వచ్చేది మీ దగ్గరికే. వంద చీపురు పుల్లలు ఏరి, పదేసి చొప్పున దారంతో కట్టించండి. ఆ పది కట్టలూ కలిపి ఒక పెద్ద కట్ట కట్టించండి. కట్టడం, విప్పడం వాళ్ల చేతులతోనే జరగాలి. ఆ తర్వాత మీ నోటుపుస్తకం తెరిచి, పదుల ఘాతాలు కలిపిన చోట ఒకసారి చూసుకోండి. ఆ కట్టలు మీకూ పనికిరావచ్చు.