నాంపల్లి నుంచి నలభై మిల్లీలీటర్లు

శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,
వైద్య ఆరోగ్య శాఖ మంత్రి, తెలంగాణ.



నాంపల్లి మెట్రో స్టేషన్లో సంచులు తనిఖీ చేసే చోట ఒక సెక్యూరిటీ అతను ఉండేవాడు. నుమాయిష్ రోజులు. సాయంత్రమైతే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వచ్చే జనంతో మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. మొదటిరోజు అతను నా స్టీలు డబ్బా పక్కకు పెట్టించాడు. లోపల ఐసు ముక్కలు, వాటి మధ్య రెండు చిన్న సీసాలు. "ఏముంది భయ్యా ఇందులో?" అన్నాడు. "పాలు. పాపకు" అన్నాను. సీసాకు అంటించిన ప్లాస్టర్ ముక్క మీద నా భార్య పేరు, పాలు పిండిన టైము రాసి ఉన్నాయి. అది చదివి మూత పెట్టేశాడు. మూడోరోజు నుంచి నేను కనబడగానే లైను పక్కనుంచి చెయ్యి ఊపి పంపించేవాడు. పాప ఆసుపత్రిలో ఉన్న నలభై ఏడు రోజుల్లో ఎవరినీ బతిమాలకుండా నేను దాటిన గేటు అదొక్కటే. ఈ ఉత్తరం రెండో గేటు గురించి.

నేను ఆబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. మా పాప నుమాయిష్ మొదలైన మూడోరోజు, ముప్పై వారాలకే పుట్టింది. బరువు 1,240 గ్రాములు. బీపీ పెరిగి మా ఆవిడకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆసుపత్రి నగరానికి ఇంకో కొసన ఉంది. దాని పేరు రాయను. ఆ పేరుతో నాకు తగాదా లేదు, పాపను బతికించింది వాళ్ళే.

పుట్టగానే పాప ఏడవలేదు, మూలిగింది. ఊపిరి వదిలిన ప్రతిసారీ చిన్న మూలుగు, పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోవడం. ఎందుకలా అనడిగితే డాక్టరుగారు నా చేతిలోని మందుల కవరు తీసుకున్నారు. "కూరగాయల బండి దగ్గర కవరు నోరు తెరుచుకోదు చూడు, రెండు పొరలూ అతుక్కుపోయి? తడిగా ఉంటే ఇంకా తెరుచుకోదు. ఈ పాప ఊపిరితిత్తుల్లో గాలి గదులన్నీ అలాగే ఉన్నాయి. అతుక్కోకుండా చూసే నురగలాంటి పదార్థం నెలలు నిండితేగానీ సరిపడా తయారవదు" అన్నారు. దాన్ని సర్ఫాక్టెంట్ అంటారట. అది లేకపోవడమే ఈ జబ్బుకు మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ కనిపెట్టేదాకా ప్రపంచానికి తెలియదని తర్వాత చదివాను. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైమాటే. ఇదే జబ్బుతో 39 గంటలు బతికాడు. ఆ దేశపు అధ్యక్షుడికి అప్పుడు దొరకనిది ఇవాళ కళ్ళజోళ్ళ దుకాణం గుమాస్తాకు దొరికింది. ఆ మాట చెప్పకుండా ఫిర్యాదు మొదలుపెట్టడం న్యాయం కాదు.

దొరికినదేమిటంటే, చూడ్డానికి చాలా చిన్న ఏర్పాటు. ముక్కులో రెండు మెత్తటి గొట్టాలు. వాటిలోంచి గాలి, ఆక్సిజన్ కలిపి ఆగకుండా వస్తుంటాయి. వదిలిన ఊపిరి పోయే గొట్టం కొసను నీళ్ళ సీసాలో ఐదు సెంటీమీటర్ల లోతున ముంచుతారు. ఆ ఐదు సెంటీమీటర్ల నీటి ఒత్తిడే కవరు మళ్ళీ అతుక్కోకుండా పట్టి ఉంచుతుంది. సీసాలో నీళ్ళు గుడగుడమంటూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. సీపాప్ అంటారు. బిడ్డలకు ఈ పద్ధతిని 1971లో గ్రెగరీ అనే డాక్టరు మొదలుపెట్టాడు. అద్దం తలుపు అవతల నిలబడ్డ నాకు ఆ గుడగుడ వినబడేది కాదు, బుడగలు కనబడేవి. రోజూ పావుగంట బుడగలు చూసి వచ్చేవాణ్ణి.

పావుగంట ఎందుకంటే, నేను విజిటర్‌ను. తలుపు మీద బోర్డు అలాగే రాసింది. విజిటర్స్‌కు సాయంత్రం నాలుగున్నర నుంచి నాలుగూ నలభై ఐదు, తండ్రి ఒక్కరే, అద్దం బయటనుంచే. తల్లి అయితే రోజుకు రెండుసార్లు లోపలికి. మా ఆవిడను ఐదోరోజున డిశ్చార్జి చేశారు. కడుపుకు కుట్లున్న మనిషి రోజుకు రెండుసార్లు నాంపల్లి నుంచి రాలేదు. పాలు మాత్రం నాతో వచ్చేవి. మొదట్లో ఐదు మిల్లీలీటర్లు కూడా సరిగ్గా ఉండేవి కావు. సీసా అడుగున పసుపుపచ్చగా ఒక చెమ్చాడు. ఆఖరుకు పూటకు నలభై. కిటికీలోంచి సీసాలు తీసుకుని సిస్టర్ "బేబీ ఫాదర్, రేపు పదకొండుకు ఇంకో ఐదు తీసుకురండి" అనేది. ఎలా ఉందమ్మా అనడిగితే "ఒంటిగంటకు డాక్టరుగారి కౌన్సెలింగ్‌లో అడగండి" అనేది. ఒంటిగంటకు నేను ఆబిడ్స్‌లో ఎవరి ముక్కుమీదో ఫ్రేము సరిచేస్తూ ఉండేవాణ్ణి. తొమ్మిదోరోజు తెల్లవారుజామున పాప ఊపిరి ఆపేసింది. వీపు తట్టి మళ్ళీ తీయించారు. నెలలు నిండని పిల్లలు అలా మరిచిపోతారట, ఊపిరి తీయడాన్ని. ఆ సంగతి నాకు తెలిసింది మర్నాడు, కాగితం మీద సంతకం పెడుతూ.

మా అత్తమ్మ రోజూ వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డకే గండం అని ఊళ్ళో నమ్మకం. ముప్పై వారాలు ఎనిమిదిలోకి వస్తుందా రాదా అన్నదే ఆమె బాధ. చివరికి ఏడుకే ఖాయం చేసుకుంది. కడుపులో ఉన్న ప్రతి వారమూ లాభమేనమ్మా, ఏడుకన్నా ఎనిమిదే మేలు అని డాక్టరుగారు చెప్పినా వినలేదు. యూసుఫైన్ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి ఇంక్యుబేటర్‌కు కట్టమంది. కట్టనివ్వలేదు. అది సరైన పనే, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. ఇరవై ఒకటో రోజు బారసాల చేయాల్సింది. ఆరోజుకీ పాప పేరు ఫైలు మీద 'బీ/ఓ', అంటే 'బేబీ ఆఫ్' అనీ, పక్కన తల్లి పేరూ. నా పేరు బిల్లు మీద ఉండేది.

ఇక అసలు సంగతి. ఇరవై నాలుగో రోజు మా ఆవిడకు జ్వరం. రాత్రి పాలు ఇవ్వడానికి వెళ్తే కొత్త సిస్టర్ డ్యూటీలో ఉంది. "కంగారూ కేర్‌కు తల్లి రాలేదా?" అంది. నాతో వచ్చిన అత్తమ్మ "కంగారు కేరా? మూడు వారాల నుంచి చేస్తున్నది అదే కదమ్మా!" అంది. ఆ సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, నన్ను చూసి, "మీరు చేస్తారా?" అంది. మోచేతుల దాకా కడిగించింది. చొక్కా గుండీలు విప్పించి వాలుకుర్చీలో కూచోబెట్టింది. టోపీ, డైపరు, ముక్కులో గొట్టాలు, వాటితో సహా పాపను తెచ్చి నా ఛాతీమీద బోర్లా పడుకోబెట్టి గుడ్డతో కట్టింది. బరువు తెలియలేదు, వేడి తెలిసింది. ప్లాస్టర్ జిగురు వాసన. ఒక చెవి ముందుకు మడతపడి ఉంది, పుస్తకంలో పేజీ మూల మడిచినట్టు. ఈ వయసుకు చెవిలో మెత్తటి ఎముక ఇంకా గట్టిపడదట. సిస్టర్ చిటికెన వేలితో ఆ చెవిని విప్పింది. అది మళ్ళీ మడతపడింది. ఈసారి నేను విప్పాను. మిషను మీద ఆక్సిజన్ 91 చూపిస్తోంది. కాసేపటికి 94. నేను కదలకుండా గంటన్నర కూచున్నాను. కాలు తిమ్మిరెక్కినా చెప్పలేదు, లేపేస్తారేమోనని. పక్కనే సీసా. ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆ గుడగుడ మొదటిసారి విన్నాను.

మర్నాడు బోర్డు ప్రకారమే. మళ్ళీ అద్దం.

ఈ పద్ధతి ఆ సిస్టర్ దయ కాదని, ఎప్పుడో రుజువైన వైద్యమని ఆమే చెప్పింది. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తల్లుల ఒంటికి బిడ్డలను కట్టడంతో మొదలైంది. 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో ఐదు దేశాల ఆసుపత్రులు పాల్గొన్నాయి. మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాటిలో ఒకటి. కిలో నుంచి 1,799 గ్రాముల దాకా ఉన్న బిడ్డలను, కుదురుకునే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఛాతీమీద ఉంచారు. తల్లి మంచాన్ని ఐసీయూ లోపలికే తెచ్చారు. నెలలోపు మరణాలు పాతికశాతం తగ్గాయి. ఎంత స్పష్టంగా తగ్గాయంటే, రెండో జట్టు బిడ్డలకు దాన్ని అందకుండా చేయడం తప్పని పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది. అంతకుముందే, 2017లో, కేంద్ర ఆరోగ్య శాఖ తల్లిదండ్రులకు నేర్పించి నవజాత శిశువుల యూనిట్లలోకి రానివ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఆ బోర్డు తయారయ్యే నాటికి కాగితం ఢిల్లీలో ఉంది.

తలుపు మూయడానికి చెప్పే కారణం ఇన్‌ఫెక్షన్. భయం నిజమైనదే. అయితే ఆ పరిశోధనలో తల్లి దగ్గరున్న బిడ్డలకు సెప్సిస్ కూడా తక్కువగానే వచ్చింది. ఒక సిస్టర్ ఆరుగురు బిడ్డలను చూసుకునే చోట, ఒక్క బిడ్డనే చూసుకునే రెండు కడిగిన చేతులు అదనంగా ఉంటే నష్టమేమిటి? రెండో కారణం, లోపల తల్లులు పాలు పిండుకుంటూ ఉంటారు, మగవాళ్ళు వస్తే ఎలా అని. ఇది నన్ను నిజంగా ఆలోచింపజేసింది. మా ఆవిడ కూడా అదే అంది. మంచానికీ మంచానికీ మధ్య తెర కావాలి. తెర గుడ్డ ధర ఎంతో ఆబిడ్స్‌లో పదడుగులు నడిస్తే తెలుస్తుంది. మూడోది, చోటు. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కుర్చీ వేయడానికి చోటులేని యూనిట్లో ఇంకో ఇంక్యుబేటర్ మాత్రం ఎలా పడుతుందో మీ ఇంజనీర్లు చెప్పాలి.

మా ఇంటి దగ్గర రెండు పేర్లు రోజూ వినబడతాయి. ఒకటి మోజంజాహీ మార్కెట్, 1935లో కట్టింది. నిజాం రెండో కొడుకు పేరు మీద. ఇంకొకటి రెడ్ హిల్స్‌లో ఉన్న నీలోఫర్ ఆసుపత్రి, ఆ కొడుకు భార్య పేరు మీద. ఇస్తాంబుల్లో పుట్టి 1931లో పెళ్ళయి ఈ ఊరికొచ్చిన ఆ యువరాణికి పిల్లల్లేరు. 1949లో ఆమె పరిచారిక రఫత్ కాన్పులో చనిపోయింది. ఇంకో రఫత్ చనిపోకూడదని ఆమె పట్టుబట్టింది, 1953లో ఆసుపత్రి తెరుచుకుంది. ఇవాళ జిల్లాల నుంచి వచ్చే నెల తక్కువ బిడ్డలకు పెద్ద దిక్కు అదే. 2017లో అక్కడ 'ధాత్రి' పేరుతో తల్లిపాల బ్యాంకు కూడా మొదలైంది. మా పాప అక్కడ పుట్టలేదు, అయినా మెట్రోలో పాలడబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ పాల బ్యాంకు గురించే ఆలోచించేవాణ్ణి. ఒకరి పాలు వేరొకరి బిడ్డకు చేరే దారి వేసినవాళ్ళం, సొంత బిడ్డ దగ్గరికి తండ్రి చేరే దారి వేయలేమా అని.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని మీ ప్రభుత్వం పది లక్షలకు పెంచింది. ఆ పథకంలో చేరే ప్రైవేటు ఆసుపత్రులు మీ షరతులకు ఒప్పుకునే చేరతాయి. ఆ ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి: నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రి, తల్లీతండ్రుల్లో ఒకరిని పగలూ రాత్రీ బిడ్డ పక్కన ఉండనివ్వాలి, కూచోడానికి కుర్చీ ఇవ్వాలి. సర్కారు ఆసుపత్రులకైతే ఒప్పందం కూడా అక్కర్లేదు, మీ సంతకం చాలు. సిస్టర్ల ఖాళీలు నింపడం అంతకన్నా పెద్ద పని. అది కూడా తెలుసు, ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మా పాప నుమాయిష్ ముగిసిన నాలుగు రోజులకు ఇంటికొచ్చింది, 1,910 గ్రాములతో. ఆసుపత్రిలో ఉండగానే, నెల నిండే లోపు కళ్ళ పరీక్ష చేయించారు. ఆక్సిజన్ తక్కువైతే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే కంటి రెటీనాకు. అందుకే ముప్పై నాలుగు వారాల లోపు పుట్టిన బిడ్డలందరికీ ఆ పరీక్ష తప్పనిసరి. చేయించని పిల్లల్లో కొందరు కొన్నేళ్ళకు మా కౌంటరు దగ్గరికి వస్తారు, ఏ అద్దమూ పనికిరాని కళ్ళతో. మా పాప కళ్ళు బాగున్నాయి. చెవి కూడా ఇప్పుడు మడతపడటం లేదు, నేనే ఊరికే మడిచి చూస్తుంటాను.

ఆ ఆసుపత్రికి నెలకోసారి చెకప్‌కు వెళ్తాం. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ బోర్డే ఎదురవుతుంది. విజిటర్స్, నాలుగున్నర నుంచి నాలుగూ నలభై ఐదు. మీ సంతకం పడితే నాకు విడిగా జవాబు రాయనక్కర్లేదు. వచ్చే నెల పన్నెండున మా అపాయింట్‌మెంట్. బోర్డు చూసి తెలుసుకుంటాను.

ఇట్లు,
ఒక బేబీ ఫాదర్,
నాంపల్లి, హైదరాబాద్.