ఒక మార్కు ప్రశ్న

లక్డీకాపూల్‌లో మా ఆఫీసు మెట్లు దిగి మెట్రో ఎక్కితే అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్. అక్కడికి దగ్గర్లోనే పబ్లిక్ సర్వీస్ కమిషన్. తెలంగాణలో ఏ చిన్న పట్నంలో గ్రంథాలయం తలుపు తోసినా, లోపల తల వంచుకుని కూర్చున్న పిల్లల మనసంతా ఈ నాంపల్లి మీదే ఉంటుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ ఇక్కణ్నుంచి రావాలి. ఫలితం ఇక్కణ్నుంచే రావాలి.

ఈమధ్య అలాంటి ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లాం. పొద్దున ఎనిమిదికి ముందే అరుగు కింద చెప్పులు నిండిపోయాయి. పేపర్ల బల్ల దగ్గర రిటైరైన పంతుళ్లు, బస్సుకు ఇంకా టైముందని వచ్చిన ఒక రైతు. మిగతా గదంతా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల వాళ్లే. కుర్చీ పోకుండా పుస్తకం పెట్టి, నీళ్ల సీసాలు నింపుకుని వస్తున్నారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దులు విప్పుకున్నాక ఒకమ్మాయి బిట్లు అడుగుతోంది. "శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం?" "1901 సెప్టెంబరు 1." "ఎవరింట్ల?" "రావిచెట్టు రంగారావు ఇంట్ల, అక్కా." "కరెక్ట్." వెంటనే మరో ప్రశ్న.

గ్రంథాలయం అరుగు మీద కూర్చుని గ్రంథాలయం పుట్టిన తేదీ బట్టీ పడుతున్నారు. మాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క మార్కులో ఏముందో వాళ్లకు చెప్పే మనిషి దగ్గర్లో లేడే అనిపించింది.

హైదరాబాదులో 1901 నాటికే ఆసఫియా గ్రంథాలయం ఉంది. 1891లో ఆబిడ్స్‌లో మొదలై, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని ఇప్పటి భవనానికి మారింది. అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాలకు అది పెట్టింది పేరు. ఆ సంపద ఇవాళా మన గర్వం. కానీ నిజాం రాజ్యంలో, బడిలోనూ కచేరీలోనూ తన మాటకు చోటు లేని తెలుగువాడు తన భాషలో నాలుగు పత్రికలు చదువుకోవాలంటే ఎక్కడికి పోవాలి? కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు రెసిడెన్సీ బజారులో, రంగారావు ఇంట్లోనే, ఒక చోటు చూపించారు. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలసింది. 1906లో తెలుగు పుస్తకాల ప్రచురణకు విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిందీ ఈ స్నేహాల్లోంచే.

వాళ్లు పెట్టుకున్న పేరు గమనించండి. పుస్తక భాండాగారం అనలేదు, భాషా నిలయం అన్నారు. భాష కాపురముండే ఇల్లు. ఆ ఇల్లు ఎంత అవసరమో 1921 నవంబరులో తేలిపోయింది. వివేకవర్ధిని థియేటరులో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘ సంస్కార సభ. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి సాగనివ్వలేదు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. అది తలకెత్తుకున్న పనుల్లో ఊళ్లలో గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం ముఖ్యమైనది. భాషా నిలయానికి సొంత భవనం అమరింది కూడా ఆ ఏడే. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో, పేపరు చదివే నెపంతో పదిమంది ఒకచోట కూడడమే పెద్ద విషయం. హోటల్లో సర్వరుగా పనిచేసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు ఊరూరా తిరిగి అమ్మారంటే, ఆ ఊళ్లలో చదివేవాళ్లను తయారుచేసి ఉంచినవి ఇలాంటి గదులే. అటు కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య ఊరూరికీ గ్రంథాలయమని తిరిగారు. పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు.

ఏటా నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. దండలు, వక్తృత్వ పోటీలు, బహుమతులు. ఆ వేదికల మీద మన రచయితలు తప్పకుండా అనే మాటొకటుంది: గ్రంథాలయాలు కోచింగ్ సెంటర్లయిపోయాయి, కథలూ నవలలూ ముట్టుకునేవాడు లేడు అని. ఈ మాటతో మాకు పేచీ ఉంది. 1901లో ఆ ఇంటికి వచ్చినవాళ్లు కాలక్షేపానికి రాలేదు. తలుపులు మూసిన రాజ్యంలో తమకో దారి వెతుక్కుంటూ వచ్చారు. అద్దెగదిలో నలుగురితో సర్దుకుంటూ, కోచింగ్ ఫీజు కట్టలేక, ఇంటి దగ్గర పొలం పనీ పెళ్లి మాటా తప్పించుకుని ఈ బల్ల దగ్గరికి వచ్చే ఆడపిల్లా అందుకే వస్తోంది. ఆ ఊళ్లో కులం అడక్కుండా, టీ అయినా కొనమనకుండా, పొద్దుగూకేదాకా కూర్చోనిచ్చే చోటు అదొక్కటే. గ్రంథాలయాన్ని ఇవాళ బతికిస్తున్నవాళ్లు వీళ్లు. వీళ్లను చొరబాటుదారుల్లా చూడడం అన్యాయం.

వీళ్లకు మనం ఇస్తున్నదేమిటి? ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి చట్టం పెట్టిన ఏర్పాటది. గ్రంథాలయం కోసమని పేరు పెట్టి వసూలు చేసిన డబ్బు పైసాతో సహా గ్రంథాలయానికే చేరాలి, ఆలస్యం లేకుండా చేరాలి. మేం చూసిన ఆ ఒక్కచోటే చెబుతాం: యాభై మంది కూర్చునే గదికి మూడు ఫ్యాన్లు. ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం. పొద్దున తాళం తీసేవాడూ, పుస్తకాలు ఇచ్చేవాడూ, సాయంత్రం ఊడ్చేవాడూ ఒకే మనిషి. ఆయన కూడా పక్క మండలం నుంచి అదనపు బాధ్యతల మీద వస్తున్నారు. ముందు ఒక పూర్తికాలపు గ్రంథపాలకుణ్ని ఇవ్వండి. పుస్తకం ఎక్కడుందో తెలిసినవాడు ఉంటే, పోటీ పరీక్షల గైడు కోసం వచ్చిన పిల్ల చేతికి ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' కూడా అందుతుంది. ఆ పరీక్షకు అదీ పనికొచ్చేదే కదా.

రచయితలకూ ఒక మాట. మన పుస్తకావిష్కరణలన్నీ రవీంద్రభారతి చుట్టూ, తిలక్ రోడ్డు సారస్వత పరిషత్తు చుట్టూ తిరుగుతున్నాయి. వచ్చిన యాభైమందే మళ్లీ వస్తున్నారు. ఆ శాఖా గ్రంథాలయంలో రోజూ యాభైమంది పిల్లలు తెలుగు చదవగలిగినవాళ్లు, చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు ఒక గదిలో సిద్ధంగా కూర్చుని ఉన్నారు. నెలకో సాయంత్రం బస్సెక్కి వెళ్లండి. దండా మైకూ వద్దు, వేపచెట్టు చాలు. ఈ సంచిక నుంచి మా పత్రిక ఆ ఊరికి ఉచితంగా వెళుతుంది. మాలో ఒకరం నెలనెలా వెళతామని ఆ పిల్లలకు మాటిచ్చి వచ్చాం.

బయల్దేరుతుంటే బిట్లు అడిగిన అమ్మాయి గేటు దాకా వచ్చింది.

"సార్, ఆ భాషా నిలయం ఇప్పటికి ఉన్నదా?"

ఉందని చెప్పాం. సుల్తాన్ బజారులో, గాంధీభవన్ తర్వాతి స్టేషన్‌లో దిగి కోఠి వైపు నడిస్తే దగ్గరేనని కూడా. ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, 1901 పక్కన ఆ దారి రాసుకుంది.